ఆవణి దాకా ఆగమన్నారు

మా అక్క పోయింది. పోయిన నెల ఆస్పత్రిలో, ఊపిరితిత్తులకు పట్టిన జబ్బు వదలక కన్నుమూసింది. పెరంబూరులో అమ్మావాళ్ల ఇంటికి అక్కను తెచ్చి పడుకోబెట్టేసరికే వీధంతా వచ్చి కూర్చుంది. ఎప్పుడో తెగతెంపులైన అత్తగారు కూడా వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "బిడ్డలు లేకపోయిందే మేలయింది. ఉండుంటే తల్లిలేని బిడ్డలయ్యుండేవాళ్లు. దేవుడు తెలిసే చేసినాడు" అంది. దేవుడు చేయలేదు. ఎవరు చేశారో ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. అక్క సంస్మరణ కోసం నాలుగు మంచి మాటలు రాయమన్నారు. మంచి మాటలున్నాయి, కానీ వాటి మధ్యలో ఈ రోత కూడా రాయక తప్పదు.

అక్క రైల్వే క్వార్టర్సు పిల్లలకు ఇంట్లో లెక్కలు చెప్పేది. వేరుశనగల పొట్లం కట్టిన కాగితాన్ని కూడా విప్పి చదివిగాని పారేసేది కాదు. పెరుగన్నంలో అరటిపండు పిసుక్కుని తినేది, చూడలేక నేను లేచిపోతే నవ్వేది. లెక్క తప్పు చేసిన పిల్లల్ని తిట్టగా నేను వినలేదు. "ఏడ జారినావో ఆడికి పో" అనేది, అంతే. ఇవాళ్టికీ ఎవరితోనైనా మాట తేడా వస్తే నేను ఆ మాటే అనుకుంటాను.

మద్రాసు ఇంకా చెన్నై కాకముందు, పెళ్లయిన రెండో ఏట, అక్కకు రక్తపు క్యాన్సరని తేలింది. ఒళ్లంతా రేడియేషన్ పెట్టి ఎముకల్లో చెడిన మూలుగను చంపేయాలని, ఆ తర్వాత తోబుట్టువుల మూలుగలోని మూలకణాలు ఎక్కించాలని చెప్పారు. నాది సరిపోయింది. పెద్ద డాక్టరు ఇదంతా మా నాన్నకూ, అక్క మొగుడికీ, మామగారికీ వివరిస్తున్నాడు. అక్క ఆ పక్కనే కుర్చీలో ఉంది. "జబ్బు నాది డాక్టర్, నాతో చెప్పండి" అంది.

అప్పుడు అడిగింది, తర్వాత తనకు పిల్లలు పుడతారా అని. రేడియేషన్‌కు అండాశయాలు కూడా పోతాయని, ముందు ప్రాణం సంగతి చూసుకోమని డాక్టరు అన్నాడు. అక్క వదల్లేదు. పోయేదాన్ని పోకముందే తీసి దాచుకునే దారి లేదా అని గుచ్చి గుచ్చి అడిగింది. అడిగాక చెప్పాడు, ఊళ్లో సంతానం కోసం వైద్యం చేసే డాక్టరమ్మ ఒకరున్నారని. ఆమె దగ్గరికి వెళ్లాం. ఇంజెక్షన్లతో అండాలు పక్వానికి తెచ్చి బయటికి తీస్తారు. ఉత్త అండాలను దాస్తే నిలుస్తాయన్న నమ్మకం అప్పటికి లేదు. భర్త వీర్యంతో కలిపి పిండంగా చేస్తేనే గడ్డకట్టించి ఏళ్ల తరబడి ఉంచవచ్చన్నారు. అక్క మొగుడు సరేనన్నాడు.

జూలై మొదట్లో, తమిళ ఆని నెల చివర్లో ఇంజెక్షన్లు మొదలయ్యాయి. రోజూ నేనే బస్సులో తీసుకెళ్లేదాన్ని. పొట్ట ఉబ్బి, నడవలేక నడుస్తూ, "గుడ్ల కోడినైపోయినా చూడు" అని నవ్వేది. జబ్బు మనిషి అంత ఆశగా నవ్వడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

అండాలు తీసే రోజు ఉదయం అక్క ఆస్పత్రి గౌను వేసుకుని కూర్చుంది. మొగుడు రాలేదు. నుదుట నామం, చేతిలో గొడుగుతో మామగారు వచ్చాడు. మన ఆషాఢం లాంటి ఆడి నెల పుట్టిందట. తరతరాలుగా తమిళదేశంలో ఉన్న మా ఇళ్లలో ఆడి నెలంతా కొత్త దంపతుల్ని విడిగా ఉంచుతారు. ఆ నెలలో కడుపు పడితే మండుటెండల చిత్తిరైలో బిడ్డ పుడుతుందని, ఆ బిడ్డ ఇంటిని కూలుస్తుందని భయం. బిడ్డ ఇప్పుడు కడుపులోకి వెళ్లదని, పెట్టెలో ఉంటుందని, ఎప్పుడు పుట్టాలో తర్వాత చూసుకోవచ్చని డాక్టరమ్మ ఓపికగా చెప్పింది.

"పెట్టె అయితే ఏంది, కడుపు అయితే ఏంది, ఈ నెల వద్దు. వచ్చే నెల, ఆవణిలో చూస్తాం" అన్నాడు.

"ఆవణికి నాకాడ ఏముంటుంది మామా?" అంది అక్క.

ఆయన గొడుగు సర్దుకున్నాడు. ఆ వారంలోనే రేడియేషన్ అని ఆయనకు తెలుసు. ఆడి ఉత్త సాకు. కోడలు బతుకుతుందో లేదో తెలియదు, ఆమె పిండాలు రేపు కొడుకు రెండో పెళ్లికి అడ్డం రాకూడదు. ఆ మాట చెప్పడానికి ముఖం చెల్లక క్యాలెండరును అడ్డం పెట్టుకున్నారు. తర్వాత అక్కకు ఎక్కించడానికి నా తుంటి ఎముకలో సూదులు దించి మూలుగ తీశారు, వారం రోజులు నేను బోర్లా పడుకున్నాను. అక్క మొగుడు, ఆ మగమహారాజు ఇవ్వాల్సింది గది తలుపు వేసుకుని పావుగంట. ఛీ, రాస్తుంటే కూడా చెయ్యి కడుక్కోవాలనిపిస్తోంది.

ఆ రోజు అక్క తనే గౌను విప్పి చీర కట్టుకుంది. బస్సులో నేను ఏడుస్తుంటే టికెట్టు కూడా తనే తీసింది.

బతికింది. అక్క తేరుకునేదాకా అని అత్తవారు పుట్టింట్లో దింపి, తేరుకున్నాక వకీలు చేత విడాకుల కాగితాలు పంపారు. చదివి సంతకం పెట్టింది. మళ్లీ పిల్లల్ని కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పింది. "నీ రక్తం ఎక్కినాక నాకూ కోపం జాస్తి అయిందే" అని నన్ను ఆటపట్టించేది. ఆ నాలుగేళ్లు నాకు దక్కిన భాగ్యం. డాక్టరు ముందు నోరు విప్పి అడగడం నేను తన దగ్గరే నేర్చుకున్నాను.

పోయిన చిత్తిరైలో, మా రెండిళ్లకూ చుట్టమైన, చూలైలో ఉండే పిన్ని లడ్లు తెచ్చింది. అక్కను వదిలేసినతనికి రెండో భార్య దగ్గర కొడుకు పుట్టాడట. అమ్మ ఆ డబ్బా పారేయబోతే అక్క అందుకుంది.

"చిత్తిరైలో పుట్టినాడే! ఇల్లు నిలబడే ఉందా పిన్నీ?" అంది.

పిన్నికి అర్థం కాలేదు. ఇంటికేం, కొత్తగా సున్నం కూడా కొట్టించినారు అని చెప్పింది. అక్క తలూపింది. రేడియేషన్‌తోనే ముట్లాగిపోయిన ఒళ్లు అది, ఉండుండి లోపల్నించి ఆవిరి కొట్టేది. ముప్పై నిండని మా అక్క టేబుల్ ఫ్యాను ముందు కూర్చుని, జాకెట్టు తడిసి వీపుకు అంటుకుపోయేలా చెమటలు కక్కుతూ, ఆ లడ్డును పొడి కూడా రాలకుండా మొత్తం తిన్నది.