ఫోన్లకు జ్వరం చూసే సిస్టరమ్మ

ఎవరి చేతిలో ఫోను కనిపించినా లాక్కుని చెంపకు ఆనించుకోనిదే సిస్టరమ్మకు తోచదు. మాట్లాడటానికి కాదండోయ్, జ్వరం చూడటానికి! ఫోను వెనకభాగం చెంపకు పెట్టి, కళ్ళు మూసుకుని, కాసేపు ఆగి, "ఒళ్ళు కాలిపోతోంది దీనికి. ఎన్నాళ్ళుగా ఇలా?" అని అడుగుతుంది. బస్సులో పక్కసీటు మనిషి అయినా, బ్యాంకులో గుమాస్తా అయినా, పొరపాటున తలుపు తట్టిన కొరియరతను అయినా ఆమెకు ఒకటే. ఫోను లాక్కున్నందుకు అరవబోయిన వాళ్ళు కూడా ఆ ప్రశ్న వినగానే మెత్తబడిపోయి, "నెల్లాళ్ళ నుంచండీ" అని బుద్ధిగా ఒప్పేసుకునేవారు.

ముప్పై ఎనిమిదేళ్ళు పెద్దాసుపత్రి జనరల్ వార్డులో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆస్పత్రి ఆమెను వదిలింది గానీ, ఆమె మాత్రం రౌండ్లు వదల్లేదు. రోజూ పదకొండు కొట్టేసరికి మార్కెట్ వీధిలోని మొబైల్ షోరూములో ప్రత్యక్షమయ్యేది. అక్కడ మధ్యరకం ఫోన్ల కౌంటరు ఒకటుంది. మరీ చవక కాదు, కొన్నవాడు ఊరంతా చూపించుకు తిరిగేంత ఖరీదూ కాదు. గాజుబల్ల మీద ఆరు ఫోన్లు వరసగా నిలబెట్టి, ఎవరూ ఎత్తుకుపోకుండా ఒక్కోదానికీ ఒక వైరు తగిలించి, ఆ వైర్లకు తాళాలు వేసి ఉంచుతారు. సిస్టరమ్మ లెక్కలో అవి ఆరు ఫోన్లు కావు, ఆరు బెడ్లు.

ఆ కౌంటరు సేల్స్‌మన్‌కు నలభై ఆరేళ్ళు. నెమ్మదైన మనిషి. ఎవరేమన్నా నవ్వేసి ఊరుకునే రకం. అలాంటివాడు కూడా రెండు నెలలుగా పదకొండు అవుతుందంటే బేరాలు వదిలేసి గుమ్మం వైపే చూసేవాడు.

"మూడో బెడ్ రాత్రంతా ఛార్జింగులో ఉందా?" అంటూ మొదలుపెట్టేది ఆవిడ.

"ఉందమ్మా."

"అయితే కవరు తియ్యి నాయనా. జ్వరమొచ్చిన మనిషికి దుప్పటి మీద దుప్పటి కప్పుతారా ఎవరైనా?"

కవరు తీసేదాకా ఊరుకునేది కాదు. తీశాక మొదట చెంప, తరవాత సంచీలోంచి థర్మామీటరు, ఆ తరవాత అట్టకు బిగించిన చార్టు. ఆస్పత్రిలో మంచం కాళ్ళ దగ్గర వేలాడదీస్తారే, అచ్చం అలాంటిది. ఆట ఆడించినప్పుడు ఎంత, ఫోటోలు తీసినప్పుడు ఎంత, ఛార్జింగులో ఎంత, బ్యాటరీ ఎన్ని గంటలు నిలిచింది, అన్నీ నీలం ఇంకుతో పూటపూటా గీసి ఉండేవి. కొన్నవాళ్ళు కూడా తమ ఫోనును అంత శ్రద్ధగా చూసుకుని ఉండరు.

సేల్స్‌మన్ మొదట్లో ఆమెను మామూలు బేరంగానే అనుకున్నాడు. స్పీకరు పెద్దగా పెట్టి, "వినండమ్మా, హాలంతా దద్దరిల్లిపోతుంది!" అని చూపించాడు.

"నాకు శబ్దం అక్కర్లేదు. వీడియో కాల్ మీద ఎంతసేపు నిలబడుతుందో చెప్పు."

"చాలాసేపమ్మా."

"చాలాసేపు అంటే ఎన్ని నిమిషాలు?"

ఆ ప్రశ్న ఆయన పదకొండేళ్ళ సర్వీసులో ఎవరూ అడగలేదు. సిస్టరమ్మ సంచీలోంచి ఒక అలారం గడియారం తీసి బల్ల మీద పెట్టింది. మూడో బెడ్‌లోంచి తన పాత ఫోనుకు వీడియో కాల్ కలిపింది. మూడో బెడ్ కెమెరాను గడియారం వైపు తిప్పి, స్టూలు లాక్కుని కూర్చుంది. గంటసేపు! వచ్చిన జనమంతా, ఈవిడ గడియారానికి ఫోను చేసిందేమిట్రా భగవంతుడా అని చుట్టూ మూగారు. ఒకాయన అయితే "అవతలివాళ్ళు పలకట్లేదా అండీ?" అని జాలిగా అడిగాడు కూడా.

ఏసీ కింద కొలిస్తే అది కొలతే కాదని ఆమె ఇంకో పేచీ. ఎండలో పెట్టి చూడాలంటుంది. వైరుకు తాళం ఉంది కదా, వైరు ఎంతవరకు సాగితే అంతవరకు ఫోనును గుమ్మం వైపు లాగి, స్టూలు మీద ఒరిగి, చెయ్యి చాచి కూర్చునేది. అయినా ఎండ ఇంకా రెండు మూరల అవతలే ఉండేది.

ఇదంతా ఎలాగో భరించవచ్చు. కానీ ఆవిడ రోగనిర్ధారణ తనదగ్గరే ఉంచుకునే మనిషి కాదు. కొత్తగా పెళ్ళైన జంట ఒకటి మూడో బెడ్ మీద మనసు పడింది.

"ఏడువేల ఎంఏహెచ్ బ్యాటరీ సార్, రెండు రోజులు ఛార్జింగు మాటే ఎత్తక్కర్లేదు!" అన్నాడు సేల్స్‌మన్.

"పొట్ట పెద్దదైతే ఆరోగ్యవంతుడని ఎవరన్నారు?" అంది వెనకనుంచి సిస్టరమ్మ. "ఇరవై నిమిషాలు ఆట ఆడిస్తే నూట ఆరు. నా చార్టు చూడమ్మాయ్. ఆ ఐదో బెడ్ చూడు, ఐదువేలే, బక్కపలచగా ఉంటాడు గానీ నిదానస్తుడు."

అమ్మాయి మూడో బెడ్‌ని చెంపకు ఆనించుకుని, చురుక్కుమని తీసేసి, మొగుడి చెంపకు ఆనించింది. ఇద్దరూ బయటికి నడిచారు. ఆ వారంలో అలా పోయిన జంట అది నాలుగోది.

మేనేజరు సేల్స్‌మన్‌ను లోపలికి పిలిచాడు. ఎప్పుడూ చల్లనీళ్ళ సీసాతో నుదురు అద్దుకుంటూ ఉండే మనిషి ఆయన. "చూడవయ్యా, గోడౌన్లో మూడో బెడ్ నలభై డబ్బాలు మూలుగుతున్నాయి" అన్నాడు. బెడ్ అన్నందుకు నాలిక కరుచుకుని, "అదే, ఆ మోడలు. నెలాఖరుకు ఒక్కటి మిగలకూడదు. ఆవిడైనా ఈ గుమ్మం ఎక్కకూడదు, నువ్వైనా ఎక్కకూడదు. ఏది కావాలో నువ్వే తేల్చుకో" అన్నాడు.

నలభై ఆరేళ్ళకు ఉద్యోగం పోతే మళ్ళీ ఎవడిస్తాడు? కౌంటర్ల వెనక నిలబెట్టడానికి అందరికీ ఇరవై ఏళ్ళ వాళ్ళే కావాలి. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి భార్యతో చెప్పుకున్నాడు. ఆమె విని, "పెద్దావిడని బయటికి పొమ్మంటారా?" అంది. "పొమ్మనను. ఆవిడే ఇంక చాలు అనుకునేలా చేస్తాను" అన్నాడు. అలా పుట్టింది ఆయన జీవితంలో మొదటి కుట్ర.

మర్నాడు పదిగంటలకు తాళం తీసి, మూడో బెడ్‌ను స్టాఫు గదిలో నీళ్ళసీసాల ఫ్రిజ్‌లో పెట్టాడు. పదకొండుకు ఐదు నిమిషాల ముందు తెచ్చి, వైరు తగిలించి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు. సిస్టరమ్మ వచ్చింది. చెంపకు ఆనించుకుంది. కళ్ళు తెరిచింది. చెంపకంటిన తడిని చీరకొంగుతో తుడుచుకుంది.

"నాయనా, పేషెంటుకు చెమటలు పడుతున్నాయే?"

ఫోను ఒంటినిండా సన్నని నీటి బిందువులు. సేల్స్‌మన్‌కు ఫోను కంటే ఎక్కువ చెమటలు పట్టాయి.

"డిశ్చార్జి కోసం థర్మామీటరు పెట్టేముందు చల్లనీళ్ళు పుక్కిలించే పేషెంట్లను వందమందిని పట్టుకున్నాను. నా దగ్గరా!" అంది గొంతు పెంచి. హాలంతా ఇటు తిరిగింది. "రేపు ఇదే టైముకు వస్తాను. మూడో బెడ్, ఐదో బెడ్, రెండూ గంటసేపు వీడియో కాల్ మీద, నడివీధి ఎండలో. అందరి ముందూ. మీ మేనేజరు అడ్డొస్తే ఆయన జ్వరం కూడా చూస్తానని చెప్పు!"

మేనేజరు ఆ మాట విన్నాడు. మర్నాడు పొద్దున్నే సెక్యూరిటీ మనిషిని గుమ్మంలో నిలబెట్టాడు. కానీ ఏం లాభం? పదకొండు గంటలకు సిస్టరమ్మ ఒక్కతే రాలేదు. వెనక పంతొమ్మిది మంది వచ్చారు. అందరికీ ఒకేరకం గోధుమరంగు పనిబట్టలు, మోచేతులకు అట్టపొడి. ఒక్కడూ నోరు మెదపడు. సెక్యూరిటీ మనిషి "ఎవరయ్యా మీరు?" అని అరిచినా ఎవరూ తిరిగి చూడరు. తిన్నగా వచ్చి కౌంటరు చుట్టూ నిలబడ్డారు.

"ధర్నా! మౌనధర్నా!" అని మేనేజరు గావుకేక పెట్టాడు.

సేల్స్‌మన్ మాత్రం వాళ్ళ చేతులు చూశాడు. ముందున్న నెరిసిన మీసాలాయన వేళ్ళు గాలిలో చకచకా ఏదో అన్నాయి. సిస్టరమ్మ వేళ్ళు అంతే వేగంగా జవాబిచ్చాయి. వెనక పదిమంది భుజాలు కదిలిపోయేలా నవ్వారు.

"మా తమ్ముడు" అంది సిస్టరమ్మ. "పుట్టుకతోనే వినపడదు. వీళ్ళంతా వాడితో అట్టపెట్టెల కార్ఖానాలో పనిచేసేవాళ్ళు, ఎవరికీ వినపడదు. రేకుల షెడ్డు, నిప్పుల కొలిమి. భోజనాల వేళ పెళ్ళాంతో నాలుగు మాటలు మాట్లాడుకోవాలన్నా, పిల్లల్ని పలకరించాలన్నా వీళ్ళకు వీడియో తప్ప దారి లేదు. నీకూ నాకూ ఫోను వేడెక్కితే చెవి కాలుతుంది. వీళ్ళకు మాటే ఆగిపోతుంది."

స్పీకరు దద్దరిల్లుతుందని తను చూపించింది ఎవరి కోసం వచ్చిన మనిషికో తలుచుకుని సేల్స్‌మన్ సిగ్గుతో తల ఎత్తుకోలేకపోయాడు.

"మొదటిరోజే ఈ మాట చెప్పుంటే..."

"చెప్తే జాలిపడతారు. జాలిపడ్డవాడు కూర్చోమని కుర్చీ వేస్తాడు గానీ నిజం చెప్పడు. మా వాడు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. అందరూ కూడబలుక్కుని ఒకేసారి కొనుక్కుంటున్నారు. జాలి మీద కాదు, కొలత మీద కొనాలన్నది వాళ్ళ పట్టుదల." ఆమె బల్ల మీద అరచేత్తో కొట్టింది. "తాళం తియ్యి. ఎండలోకి తీసుకెళ్ళాలి."

"డెమో ఫోను గుమ్మం దాటడానికి వీల్లేదు!" మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "ఆ తాళం తీశావో, రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు!"

తాళంచెవి సేల్స్‌మన్ జేబులోనే ఉంది. పదకొండేళ్ళుగా ఎవరికీ ఎదురు చెప్పని మనిషి దాన్ని బయటికి తీసి, మేనేజరు మొహంలోకి చూశాడు.

"నలభై అమ్మకపోయినా తీసేస్తారు, ఇది తీసినా తీసేస్తారు. ఉద్యోగం ఎందుకు పోయిందని రేపు మా ఆవిడ అడుగుతుంది సార్. చెప్పుకోడానికి బావుండాలి కదా!"

మూడో బెడ్ తాళం తీశాడు. ఐదో బెడ్ తాళమూ తీశాడు. రెంటినీ తనే పట్టుకుని గుమ్మం దాటి, నడిఎండలో మెట్ల మీద పెట్టాడు.

మూడో బెడ్ ముందు తమ్ముడు కూర్చుని, లోపల సిస్టరమ్మ పాత ఫోను పట్టుకుని నిలబడ్డ, వాళ్ళలోనే ఒక పొడుగాటి మనిషితో కబుర్లు మొదలుపెట్టాడు. ఐదో బెడ్ ముందు ఇంకొకాయన కూర్చుని, ఊళ్ళోనే ఇంట్లో ఉన్న తన భార్యకు కలిపాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగిపోయారు. సేల్స్‌మన్ చార్టు పట్టుకుని, సిస్టరమ్మ చెప్పినప్పుడల్లా నీలం ఇంకుతో రాశాడు. పావుగంటకు మూడో బెడ్ నూట అయిదు. ముప్పై ఒకటో నిమిషంలో తెర మసకబారింది. ముప్పై నాలుగో నిమిషంలో థర్మామీటరు ఇక నావల్ల కాదని చేతులెత్తేసింది, కెమెరా ఆగిపోయింది. తమ్ముడు కార్ఖానా మేస్త్రీ జిగురు బక్కెట్లో కాలుపెట్టిన కథ మంచి పట్టులో చెబుతున్నాడు. లోపల పొడుగాటి మనిషి నల్లబడిన తెరను ఊపి, కొట్టి, పరిగెత్తుకుంటూ మెట్ల మీదికొచ్చి, "తరవాత ఏమైంది?" అని చేతులతో నిలదీశాడు.

ఐదో బెడ్ మాత్రం గంటా పది నిమిషాలు కదలకుండా పనిచేసింది. నూట రెండు దాటలేదు. అవతలి భార్యే, పొయ్యి మీద గిన్నె ఉంది ఇక వదులు అన్నట్టు చెయ్యి విదిలించి కాల్ కట్ చేసింది.

మేనేజరు ఆ వీధిలోని జనాన్ని చూశాడు. లోపల ఐదో బెడ్ కావాలని వేళ్ళు చూపిస్తున్న పంతొమ్మిది మందిని చూశాడు. ఎండలో ఆగి, మాకూ అదే చూపించండని వెంటపడుతున్న మరో ఏడెనిమిది మందిని చూశాడు. నీళ్ళసీసాతో నుదురు అద్దుకుని, సేల్స్‌మన్ దగ్గరికి వచ్చి, ఎటో చూస్తూ అన్నాడు.

"రేపు అరగంట ముందే రా. ఐదో బెడ్ సరుకు చాలదు, తెప్పించాలి. ఆ మూడో బెడ్లు నలభై కంపెనీకి తిప్పి పంపేయ్. ఆ చార్టు కూడా జత చెయ్యి." ఈసారి ఆయన నాలిక కరుచుకోలేదు.

డబ్బాలు పుచ్చుకుని వెళ్ళబోతూ తమ్ముడు ఆగి, సేల్స్‌మన్‌ను చూపించి, రెండు వేళ్ళు కలిపి తాళం తిప్పినట్టు తిప్పాడు. మిగిలినవాళ్ళు తలలూపి తామూ తిప్పారు.

"నీకు పేరు పెట్టారు నాయనా" అంది సిస్టరమ్మ. "మనం పిలిచే పేర్లు వాళ్ళకు పనికిరావు. తెలిసినవాళ్ళకు తామే చేతులతో ఒక పేరు పెట్టుకుంటారు. ఇక నుంచి వాళ్ళలో నువ్వంటే ఇదే."

సేల్స్‌మన్ ఆ సైగను రెండుసార్లు చేసి చూసుకున్నాడు. "మరి మా మేనేజరుగారికి?" అని అడిగాడు.

"ఆయనకు గంట క్రితమే పెట్టేశారులే."

పంతొమ్మిది మందీ మేనేజరు వైపు తిరిగారు. అందరూ ఒక్కసారిగా బుగ్గలు పూరించి, అరచేత్తో నుదురు అద్దుకుని, పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు వేళ్ళు విదిలించారు. ఇంతమంది తనకు ఇంత మర్యాదగా కృతజ్ఞత చెప్పుకుంటున్నారని మేనేజరు పొంగిపోయాడు. గుమ్మం దాకా సాగనంపి, చిరునవ్వుతో, తనూ బుగ్గలు పూరించి, నుదురు అద్దుకుని, ఒక్కొక్కరికీ విడివిడిగా పంతొమ్మిది సార్లు వేళ్ళు విదిలించాడు.