సుగుణ టీచరు తువ్వాలు

తడి తువ్వాలుకు ఒక వాసన ఉంటుంది. ఉప్పు, ఐసు, కాస్త నీచు కలిసిన వాసన. నెల్లూరు మార్కెట్లో నా చేపల గంప మీద కప్పే గుడ్డకు రోజూ అదే. మొన్న ఒకాయన వచ్చి దాని అంచు పట్టుకుని ఎత్తబోయాడు. "ఆగన్నా," అన్నాను. "పోయిన వారం నా దగ్గర చేప కొన్నావు గదా. దాని కళ్లు ఎట్టున్నాయో చూడకుండా చెప్పు." ఆయన నన్ను ఎగాదిగా చూసి, "చేప కొనేదానికి కూడా పరీక్ష రాయాలా తల్లీ?" అన్నాడు. చుట్టుపక్కల వాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ పరీక్ష నాది కాదు. మైపాడు బడిలో మాకు బొమ్మలు నేర్పిన సుగుణ టీచరుది. ఎనిమిదో తరగతితో చదువుకు దండం పెట్టేసిన నాకు బడి నుంచి మిగిలింది ఆ ఒక్క పాఠమే. లెక్కల సారుకు ఈ మాట చేరవేయకండి.

టీచరు నెల్లూరు నుంచి బస్సులో వచ్చేవారు. నేత చీర, భుజాన గుడ్డ సంచి, ఆదివారాలు చర్చిలో పాటలు పాడి పాడి వెడల్పయిన గొంతు. మొదటిరోజు ఇష్టమైన బొమ్మ గీయమన్నారు. క్లాసంతా ఒకటే బొమ్మ గీసింది: రెండు కొండలు, నడుమ సూర్యుడు. ఆమె అన్నీ చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగారు.

"ఏం కామాక్షీ, మైపాడులో కొండలు యాడుండాయి మే?"

"కొండలు కాదు టీచర్, ఇసక దిబ్బలు. పొద్దున్నే మా ఊరోళ్లు చెంబులు తీసుకోని పోయేది వాటి ఎనకే."

క్లాసు గొల్లుమంది. నా అరచేయి దానంతటదే ముందుకు వచ్చేసింది. నేను నోరు తెరిస్తే తర్వాత బెత్తమేనని దానికి బాగా తెలుసు. టీచరు మాత్రం కాగితం ఎత్తి వెలుతురులో పట్టుకుని చూశారు. "మరి చెంబులేవి? సగం బొమ్మే గీసినావే," అన్నారు. నా ఎకసెక్కేనికి ఎకసెక్కెంతో బదులిచ్చిన పెద్దమనిషిని అంతకుముందు చూడలేదు. ఆరోజే ఆమెకు పడిపోయాను.

ఆమె పద్ధతి వేరు. బల్ల మీద ఏదో ఒక వస్తువు పెట్టేవారు. ఒకరోజు వంకాయ, ఒకరోజు గంటె, ఒకరోజు మా రేవులో దొరికిన కానాగంత చేప. పెన్సిళ్లు ముట్టుకోకూడదు, చేతులు కట్టుకుని చూడాలి. మేం చూసి చూసి విసుగెత్తి, ఒకరినొకరు గిల్లుకోవడం మొదలుపెట్టాక, సంచిలోంచి తువ్వాలు తీసి దాని మీద కప్పేసేవారు. "ఇప్పుడు గీయండి. కప్పేసినాక మీకు ఏం మిగిలిందో అదే బొమ్మ."

"టీచర్, చేపను కప్పినా వాసన మిగిలింది గదా. వాసన గీయమంటారా?" అని అడిగాను.

"గీయగలిగితే గీయి. మొదటి మార్కు నీకే."

నేను గీసేవన్నీ నవ్వించే బొమ్మలే. హెడ్మాస్టరు ముక్కు, అటెండరు పొట్ట, మా మేనమామ మీసాలు. ఒకసారి అవి టీచరు కంట పడ్డాయి. తిట్టలేదు. "ముక్కు పెద్దది చేస్తే నవ్వొస్తుంది, సరే. ఆయన ముక్కు అసలు ఎట్టుందో ఒకసారన్నా చూసినావా?" అన్నారు. చూడలేదు. ఆ తర్వాత వారమంతా హెడ్మాస్టరు ముక్కునే చూస్తూ కూర్చున్నాను. చూసేకొద్దీ నవ్వు పోయింది. పాపం, ఆయన ముక్కు మీద కళ్లద్దాలు నొక్కి నొక్కి రెండు గుంటలు పడి ఉన్నాయి.

ఆ ఏడు వాయుగుండం పట్టినప్పుడు మా నాయన ఎక్కిన పడవ బోర్లాపడింది. తోటివాళ్లు ఈదుకుంటూ ఒడ్డుకు చేరారు. నాయన రాలేదు. ఒళ్లు కూడా దొరకలేదు. అమ్మ బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. పెద్దలు గట్టిగా చెప్పలేక ఊరుకున్నారు. మా అత్త, నాయనకు అక్క, మాత్రం ఏడుస్తూనే అనేది: "గోడకు ఫొటో పెట్టి దండ ఏస్తేనే గదా మే, వాడికి నెమ్మది."

పెట్టడానికి ఫొటో ఉంటే గదా. మా ఇంట్లో ఉన్నది మా అక్క పెళ్లిలో తీసింది ఒక్కటే. అందులో నాయన ముఖానికి సరిగ్గా అడ్డంగా ఎవరో సాంబారు బకెట్టు ఎత్తి పట్టుకుని ఉన్నారు. అమ్మ ఆ బకెట్టునే వేలితో తుడుస్తూ కూర్చునేది. దండ పేరెత్తితే మాత్రం గోడవైపు తిరిగిపోయేది. ఆమెకు మనిషి గోడ మీద ఉండాలి, పోయినవాడుగా మాత్రం ఉండకూడదు. అట్లాంటి బొమ్మ ఎవరు గీసిస్తారు?

నేను బడి మానేసి అమ్మతో పాటు గంప ఎత్తుకున్నాను. కొన్నాళ్లకు ఒక సాయంత్రం టీచరు మా గుడిసె ముందు బస్సు దిగిన దుమ్ముతో నిలబడి ఉన్నారు. అమ్మ పక్కన చాప మీద కూర్చుని కళ్లు మూసుకుని ప్రార్థన చేశారు. మా అమ్మ పోలేరమ్మ తప్ప ఇంకో దేవత పేరెత్తదు. అయినా కొంగు తల మీదికి లాక్కుని కదలకుండా కూర్చుంది.

నన్ను మళ్లీ బడికి పంపమని టీచరు అడిగారు. అమ్మ గంపవైపు చూసింది, అంతే. టీచరు ఇంకోసారి అడగలేదు. సంచిలోంచి తెల్లకాగితం, పెన్సిలు తీసి నా ముందు పెట్టారు.

"మీ నాయన్ను గీయి మే."

"గీసినా టీచర్. శానాసార్లు. ముఖం రావడంల్యా. ముక్కు గీస్తే మా మామది వస్తాది, కళ్లు గీస్తే నావే వస్తాయి." అప్పటిదాకా ఎవరి ముందూ ఏడవని నేను పెన్సిలు ఆమె వైపు నెట్టేసి ఏడ్చాను. "మా నాయన ముఖం మర్చిపోయినా టీచర్."

ఆమె నా తల నిమరలేదు, అయ్యో అనలేదు. "కప్పేసినాక ఏం మిగిలిందో అదే గదా బొమ్మ," అన్నారు మెల్లగా. "నీకు ఏం మిగిలింది?"

ఆలోచించాను. చేపల వేటకు పోయే మనిషిని మా ఊళ్లో వెనక నుంచి పిలవరు, ఆయనా వెనక్కి తిరిగి చూడడు. అది మా కట్టుబాటు. తెల్లారక ముందే నాయన లేచి పోతుంటే గడప పక్కన పడుకుని నేను చూసేదాన్ని. నా చిన్నతనమంతా చూసింది అదే.

"వీపు టీచర్."

"అయితే వీపే గీయి."

గీశాను. వంగి చూరు దాటుతున్న మనిషి. తలకు చుట్టిన తువ్వాలు, వల మోసి మోసి కిందికి దిగిన ఎడమ భుజం, ఆ వలను పట్టుకున్న చెయ్యి, పగిలిన మడమలు. ముందు చీకటి. అమ్మ దీపం దగ్గరికి తెచ్చి చూసింది. భుజం దగ్గర వేలు పెట్టింది. "ఈయనే," అంది.

ఆ వారమే దాన్ని అద్దం కట్టించి గోడకు పెట్టాం. మా అత్త పూలదండ పట్టుకునే వచ్చింది. వచ్చి, బొమ్మ చూసి, "ఇదేంది మే, తిరగేసి పెట్టినారా?" అంది.

అమ్మ ఆమె చేతిలోని దండ తీసి కిటికీకి తగిలించింది. "దండ ముఖం చూసి గదా వదినా ఏసేది. ఈయన ఇటు తిరిగినాక ఏస్తాంలే."

అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ దండ మాటెత్తలేదు.

బొమ్మ గీసిన సాయంత్రం టీచరు బస్సు కోసం నడిచి వెళుతుంటే, కాస్త దూరంలో వెంటే వెళ్లిన నాకు వెనక నుంచి పిలవాలనిపించింది. కట్టుబాటు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. నా జన్మలో నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ, అందులో అదొకటి. ఆమె నెల్లూరు మనిషి, మా కట్టుబాట్లు ఆమెకేం తెలుసు? బస్సు మెట్టెక్కి చక్కగా వెనక్కి తిరిగారు.

"కామాక్షీ! ఆ చేతికి ఆరు వేళ్లు ఏసినావు మే!" అని అరిచి, నవ్వుతూ లోపలికి పోయారు.

అమ్మ ముందు ఆ మాట అనకుండా మెట్టుదాకా దాచుకున్నారు. నేను పరుగున ఇంటికి వెళ్లి లెక్కపెట్టాను. నిజమే. రబ్బరు తీసుకున్నాను. "ఉండనీ," అంది అమ్మ. "వల బరువు గదా, ఇంకో ఏలు ఉండనీ."

టీచరు ఇప్పుడు లేరు. నాకు తెలిసేసరికి అన్నీ అయిపోయాయి. నెల్లూరులో వాళ్లింటికి వెళితే హాల్లో పెద్ద ఫొటో, బాగానే ఉంది. నేను దాని ముందు ఎక్కువసేపు నిలబడలేదు. నాకు మిగిలిన ఆమె ముఖం వేరు. బస్సు మెట్టు మీద, దుమ్ములో, ఇటు తిరిగి.

బేరాల్లేని మధ్యాహ్నాలు ఐసు పెట్టెల మూతల మీద పెన్నుతో జనాన్ని గీస్తుంటాను. ముక్కులు ఎంత ఉంటే అంతే. సాయంత్రం ఇంటికెళితే గోడ మీద నాయన వీపు, ఆ చేతికి ఆరు వేళ్లు. అమ్మ కళ్లు మసకబారాయి గానీ ఆ అద్దం తుడవడం మానలేదు. ఉదయం చీకట్లో నేను గంపెత్తుకుని బయల్దేరుతుంటే గడపలో కూర్చుని చూస్తుంటుంది, పిలవదు. నేను మాత్రం వీధి మలుపు దగ్గర ఆగి, గంప పట్టుకుని, ఒకసారి వెనక్కి తిరుగుతాను.