వీరుడి ఊపిరి

నీలగిరి ఆకు నలిగిన వాసన తగిలితే ఈ వయసులోనూ నా చేయి పక్కటెముకల మీదికి పోతుంది. ముందే ఒప్పుకుంటాను: ఒక మహావీరుడి పాట విని, ఎవరో శవం మీద పడి ఏడుస్తున్నారనుకుని, ఆసుపత్రి మంచం కిందికి దూరిన ఘనుణ్ణి నేను.

అప్పుడు తాండూరులో నాపరాళ్ల గనిలో గుమాస్తాను. క్షయ అని తేల్చి వికారాబాద్ కొండ మీద నీలగిరి చెట్ల నడుమ ఉన్న ఆసుపత్రికి పంపారు. సోమవారం నాకు ఆపరేషన్. పక్కటెముకలు కోసి తీస్తారట. నా పక్క మంచం పెద్దాయన బుధవారం ఆపరేషన్ గదిలోకి వెళ్లాడు. తిరిగి వచ్చింది మడతపెట్టిన దుప్పటి ఒక్కటే. మరునాడు మధ్యాహ్నం, వార్డంతా కళ్లు మూసుకున్న వేళ, ఎక్కడి నుంచో సన్నని గొంతు సాగింది. నాకున్నవి ఊపిరితిత్తులు కావు, పిరికితిత్తులు. పారిపోదామని లేచాను, కాళ్లు మంచం కింది వరకే సహకరించాయి.

రెండు నల్ల బూట్లు వచ్చి ఆగాయి. మా డాక్టరు సాబు వంగి చూశారు.

"ఏందయ్యా గుమాస్తా, గిదేం మకాం?"

"ఎవరో పోయిన్రు సాబ్. ఆడామె ఏడుస్తున్నది."

ఆయన నవ్వలేదు. చేయి పట్టుకుని తన గదికి తీసుకుపోయారు. గ్రామఫోన్ తిరుగుతోంది. రెండువందల ఏళ్ల నాటి ఐరోపా సంగీత నాటకమట. మంత్రగాడు ఎత్తుకుపోయిన ప్రియురాలి కోసం ఒక యోధుడు కోట గుమ్మం దాకా వచ్చి, లోపలికి అడుగుపెట్టే ముందు పాడుతున్నాడు.

"ఆడామె గొంతన్నది నిజమే. మనకాడ మీసాలోడు సీత వేషం కడ్తలేడా? వాళ్లకాడ ఆడామె వీరుడైంది."

"ఏమని పాడుతున్నడు?"

"భయమైతున్నదని."

"కత్తి పట్టినోనికి భయమా సాబ్?"

"లేకుంటే పాటెందుకు? సక్కగ లోపలికే పోతుండె. జర విను. వాడు ఊపిరి తీసుకున్నప్పుడే నువ్వు తీస్కో. గంతే నీ పని."

నాలుగు మధ్యాహ్నాలు అదే పని. భయం పిసరంతైనా తగ్గలేదు. సోమవారం బల్ల మీద, మత్తుమందు వాసన ముక్కుకెక్కుతుంటే, ముసుగు వెనక ఆయన ఆ రాగం తీశారు. భయం నా పక్కనే పడుకుంది. ఊపిరి మాత్రం వీరుడి వెంట నడిచింది. ఇవాళ్టికీ సూది కనిపిస్తే అలాగే నడుస్తుంది.

ఏళ్ల తర్వాత, ఉద్యోగం నుంచి దిగిపోయిన ఆయన చుట్టాలింటికని తాండూరు వచ్చి పంటినొప్పితో పరేషాన్ అయ్యారు. పళ్ల డాక్టరు దగ్గరికి నేనే తోడు. పట్కారు చూడగానే ఎన్నో ఛాతీలు కోసిన ఆ వేళ్లు కుర్చీని బిగించి పట్టుకుని పాలిపోయాయి.

"రేపొస్తం పా," అన్నారు నాతో.

చెవి దగ్గర వంగి కోటగుమ్మం పాట ఎత్తుకున్నాను. "వాడు తీసుకున్నప్పుడే మీరూ తీస్కోండ్రి సాబ్. గంతే మీ పని."

ఆయన నన్ను కొరకొర చూసి, పళ్ల డాక్టరు వైపు నోరు తెరిచారు.

"జల్ది పీకయ్యా! వీడు ఇంకో చరణం ఎత్తుకుంటడు."