కడిగి చూడమన్న సత్యవతి మేడమ్

సత్యవతి మేడమ్ ఇక లేరు. నిన్న, మంగళవారం పొద్దున మా పాపకు మందు పోస్తుండగా యాదమ్మ ఫోన్ చేసింది. మేడమ్ ప్రయోగశాలలో మొదటి నుంచీ పనిచేసిన మనిషి ఆమె. "మేడమ్ పోయింది బిడ్డా. బడంగ్‌పేట ఇంట్ల, నిద్రలనే పోయిందంట. ఇగ లేదు," అన్నది. నా చేతిలో చెంచా గాలిలోనే ఆగిపోయింది. పాపే నా మణికట్టు పట్టుకుని లాక్కుని తాగింది. అప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది: గురువారం ఆసుపత్రికి నా వెంట ఎవరొస్తారు?

మేడమ్‌ది కృష్ణా జిల్లా. ఉద్యోగ జీవితమంతా శంషాబాద్ పక్కన ఒక చిన్న కళాశాలలో, నాడీకణాల అధ్యయనంలోనే గడిపారు. నేను ఆమె దగ్గర ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసి, మరో రెండేళ్లు సహాయకురాలిగా ఉన్నాను. పాప పుట్టాక మానేశాను.

ఆ ప్రయోగశాల విమానాలు లేచే దారి కింద ఉండేది. వెంట్రుక కన్నా సన్నని గాజు గొట్టం మొనను ఎలుక నాడీకణం ఒక్కదానికి అంటించి, ఆ కణంలోకి ప్రవహించే విద్యుత్తును కొలవడం మా పని. బల్ల రవ్వంత అదిరినా కణం చిరిగిపోతుంది. మేడమ్ కాటేదాన్‌లో నల్లరాతి పలక కోయించి, గాలి నింపిన స్కూటర్ ట్యూబుల మీద పెట్టించారు. యాదమ్మ దాని చుట్టూ తిరిగి చూసి, "ఏంది మేడమ్, సమాధి రాయి లెక్కనే ఉంది. ఎవలికి కట్టిస్తున్నరు?" అన్నది.

"నాకే యాదమ్మా. పేరు మాత్రం ఇప్పుడే చెక్కించకు."

"గట్లయితే జర విమానపోళ్లకు గూడ చెప్పున్రి, మెల్లగ లేపమని."

పెద్ద విమానం వచ్చినప్పుడు మాత్రం ఆ రాయి కూడా చాలేది కాదు. అందరం చేతులు ఒళ్లో పెట్టుకుని, అది దాటిపోయేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం.

నాడీకణం పొరలో కాల్షియం లోపలికి వచ్చే ద్వారాలుంటాయి. పొర మీద విద్యుత్ పీడనం పెరిగితే అవి తెరుచుకుంటాయి. కాల్షియం వస్తేనే కణం తన రసాయన సందేశాన్ని పక్క కణానికి పంపగలదు. మరి ఆ ద్వారాలను అదుపు చేసేదెవరు? అలాంటి రసాయన సందేశాలే. నోరడ్రినలిన్ వంటిది బయట గ్రాహకానికి తగలగానే, లోపల ఒక ప్రోటీను విడివడి వెళ్లి ద్వారాన్ని పట్టుకుంటుంది. "తలుపు మూయదమ్మా, మొండికేసేలా చేస్తుంది," అనేవారు మేడమ్. "గట్టిగా తోస్తే తెరుచుకుంటుంది. వదిలేస్తే మళ్లీ మొండికేస్తుంది. ఆ కాస్త సంకోచమే లేకపోతే నరాలు ఒకటే అరుపు."

ఒకసారి నోరడ్రినలిన్ పోయగానే కాల్షియం ప్రవాహం సగానికి పడిపోయిందని ఆ గీత ఉన్న కాగితం పట్టుకుని మేడమ్ దగ్గరికి పరుగెత్తాను. ఆమె కాగితం కూడా అందుకోలేదు.

"కడిగావా?"

"కడగలే మేడమ్. విమానం వస్తున్నదని ఆపేసిన."

"మందు కడిగేశాక ప్రవాహం తిరిగొస్తేనే కదా అది అదుపు. రాకపోతే? నీ కణం మాట విన్నదో, చచ్చిపోతున్నదో ఎలా తెలుసు?"

మర్నాడు వట్టి ఉప్పునీరే పోసి చూశాను. ప్రవాహం అలాగే పడిపోయింది. నెల రోజులుగా నేను రాసుకున్నది చచ్చిపోతున్న కణాల కథ. ఆమె కోప్పడలేదు. నా పుస్తకం అట్ట మీద రాసిచ్చారు: "నెమ్మదించడం వేరు, నశించడం వేరు."

నిరుడు మా పాప మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోవడం మొదలైంది. చూపు నిలిచిపోయి, పది క్షణాల తర్వాత ఏమీ జరగనట్టు మిగతా మాట. మూర్ఛలో ఇదొక రకమన్నారు డాక్టరు. రాసిన మందు కూడా ఒక రకం కాల్షియం ద్వారాల మీదే పనిచేస్తుందని చదివి మేడమ్ దగ్గరికి పరుగెత్తాను. "నా ఎలుక కణం నీ కూతురు కాదమ్మా," అన్నారు ఆమె. "ఆ ద్వారాలు వేరే జాతివి. డాక్టరు చెప్పింది చెయ్యి. అర్థం కాకపోతే నాకు ఫోన్ చెయ్యి. భయమేసినా చెయ్యి." భయమేసే ఎక్కువ చేశాను. దాదాపు రోజూ.

పోయిన వారం పాప అన్నం మానేసి డీలా పడిపోతే, మందు వల్లేననుకుని ఎవరికీ చెప్పకుండా నాలుగు రోజులు దాన్ని ఆపేశాను. ఇంట్లో ఒక్కసారి కూడా ఆగిపోలేదు. సంబరంగా మేడమ్‌కు చెప్పాను.

"బడికి వెళ్లిందా?" అన్నారు.

"పోయింది మేడమ్."

"బడిలో ఎవరు చూశారు?"

పాప రాతపుస్తకం తీశాను. ఆ నాలుగు రోజుల పేజీల్లో మాటలు సగంలో తెగి, పెన్సిల్ గీత పేజీ అంచుదాకా జారిపోయి ఉంది.

వెంటనే డాక్టరుకు ఫోన్ చేసి, బడిలో చాలాసార్లు ఆగిపోయిందని చెప్పాను. కానీ భయపడి, ఒక్క పూట మరిచిపోయామని అబద్ధం చెప్పాను. ఆయన మందు కొనసాగించమన్నారు. వేస్తుండగానే ఇన్నిసార్లు వస్తే ఇది పనిచేయనట్టే, గురువారం మార్చే సంగతి చూద్దామన్నారు. మేడమ్‌కు అదీ చెప్పాను. "పనిచేసే మందును నీ అబద్ధంతో తీసేయిస్తున్నావు. నిజం నువ్వే చెప్పాలి. నేను వచ్చి పక్కన కూర్చుంటాను," అన్నారు.

నిన్న సాయంత్రం బడంగ్‌పేట వెళ్లి ఆమె పాదాల దగ్గర నిలబడ్డాను. యాదమ్మ నా చెయ్యి పట్టుకుని, "పిల్లకెట్లుంది?" అని అడిగితే ఏడ్చాను.

మేడమ్ తీర్చిదిద్దిన విద్యార్థులు ఎందరో ఉన్నారు. మా అందరి తప్పులూ మాకంటే ముందు చూసి, మమ్మల్ని తక్కువ చేయకుండా చెప్పినవారు ఆమె ఒక్కరే. అలాంటి మనిషిని ఇక ఎక్కడ వెతుక్కోవాలో నాకు తెలియదు. ఆ తల్లికి పాదాభివందనం.

రేపే గురువారం. నా భర్త సెలవు పెట్టి వస్తానన్నాడు. మందు ఆపిన సంగతి అతనికి ఇంకా తెలియదు. డాక్టరు గది దాకా వెళ్లకముందే, పొద్దున పాప లేవకముందే, అతనికి చెప్పాలి.