తెల్లరంగు వేసిన రెండు వాక్యాలు

మా చర్చి అయ్యగారికి బదిలీ అయినప్పుడు వీడ్కోలు పత్రం రాసే పని నాకు అప్పగించారు. సంఘ కార్యదర్శిని నేనే, కంప్యూటరులో తెలుగు టైపు చేయడం వచ్చిందీ నాకే. ప్రత్తిపాడు చుట్టుపక్కల పల్లెల్లో ఆ రెండూ కలిసిన మనిషికి కాస్త గర్వం ఉంటుంది. నాకు కాస్త ఎక్కువే ఉండేది.

అయ్యగారి మీద నాకు లోపల ఓ కోపం. ఆయన వచ్చిన ఏడాదే నన్ను పాటల బృందంలో ముందు వరసలోంచి వెనక్కి పంపారు. "మీ గొంతు పెద్దదండీ, వెనకనుంచైనా వినపడుతుంది" అన్నారు నవ్వుతూ. శ్రుతి తప్పుతున్నానని చెప్పడానికి అంతకంటే మర్యాదైన దారి లేదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఆ మాటను ఆరేళ్ళు మోశాను.

అందుకే పొగడ్తలు టైపు చేస్తూ మధ్యలో నా సరదా కోసం రెండు వాక్యాలు కొట్టాను. ఒకటి: "అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టినప్పుడు కళ్ళంలో ఆరబోసిన మిరపకాయలు, ఆమేన్ అనేసరికి బస్తాలకెత్తడానికి సిద్ధంగా ఉంటాయి." రెండోది: "ఏ ఇంట్లో కోడి ఉడుకుతోందో కనిపెట్టి సరిగ్గా ఆ ఇంటికే ప్రార్థనకు వెళ్ళడం వీరి ప్రత్యేకత." ఈ రెండోది పచ్చి అబద్ధం. తెలిసే రాశాను.

చెరిపేయాల్సింది. కానీ అంత బాగా కుదిరిన వాక్యాలను పారేయడానికి మనసొప్పలేదు. ఆ రెండింటి అక్షరాలకూ తెల్లరంగు పెట్టాను. తెల్ల పేజీ మీద ఇక ఎవరికీ కనపడవు, ఉన్నాయని నాకు మాత్రం తెలుసు. ప్రింటు తీసి పటం కట్టించబోతే, కట్టేవాడు "మధ్యలో ఈ ఖాళీలేంటండీ?" అన్నాడు.

"అందం కోసం" అన్నాను.

వీడ్కోలు ఆరాధనలో పటం చేతికిచ్చే ముందు పత్రాన్ని లాప్‌టాప్‌లో చూసి చదవాల్సింది సండేస్కూలు నేర్పే అక్క. మిరప కోతల రోజుల్లో ఆమె వారమంతా కాయలకు తొడిమలు తీసే పనికి వెళ్తుంది. ఆ ఘాటుకు కళ్ళు ఎర్రబడి, తెల్లటి తెర చూస్తే నీళ్ళు కారతాయి. పేజీ రంగు నలుపు చేసుకుంటే మామూలు అక్షరాలు వాటంతట అవే తెల్లబడతాయని నిరుడు నేనే నేర్పాను. ఆమె మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా. పత్రం ముందుగా ఇచ్చి ఉంటే ఒకసారి చదువుకునేది. ఆఖరి నిమిషం దాకా నాన్చడం నాకున్న ఇంకో జబ్బు. ఆరాధన మొదలవుతుండగా ఇచ్చాను.

ఆమె పేజీ నలుపు చేసుకుని చదవడం మొదలుపెట్టింది. నల్ల పేజీ మీద నేను దాచినవీ మిగతావీ ఒక్కలాగే కనిపించి ఉంటాయి. మిరపకాయల వాక్యం కూడా అదే గంభీరమైన గొంతుతో వచ్చేసింది.

సంఘమంతా ఘొల్లున నవ్వింది. "ఉన్నమాటే!" అని ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో అరిచారు. అయ్యగారూ కడుపు పట్టుకుని నవ్వారు. ఇంకో పేరా దాటితే కోడి వస్తుంది. ఆరేళ్ళు మా మధ్య తిరిగిన మనిషి, వెళ్ళిపోయే రోజున, భార్యాబిడ్డల ముందు ఆ మాట వింటాడు.

"అక్కా, ఆగు!" అంటూ లేచాను.

"ఏంటి తమ్ముడూ? బాగానే రాశావుగా, చదవనీ."

"రెండోది చదవొద్దు. అది కోపంతో రాసింది."

అక్క తెర మీద కిందికి చూసింది. ముఖం మారిపోయింది. "సిగ్గులేదట్రా నీకు?" అంది. మైకు ముందే ఉందన్న సంగతి మరిచిపోయింది.

"నా గురించేగా, చదవండమ్మా" అన్నారు అయ్యగారు.

నేనే వెళ్ళి చదివాను. ఎవరూ నవ్వలేదు. "ఇది అబద్ధమండి. పాటల్లో నన్ను వెనక్కి పంపారని మనసులో పెట్టుకుని రాశాను. క్షమించండి" అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు. "అబద్ధమని మీకెలా తెలుసండీ? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా భోజనానికి పిలిస్తేగా, కోడి వాసనకొస్తానో పప్పు వాసనకొస్తానో తెలిసేది!"

మళ్ళీ నవ్వులు. ఈసారి నవ్విందంతా నన్ను చూసే. సంఘంలో ప్రతి ఇంటివాళ్ళూ ఆయనకు ఒక పూట అన్నం పెట్టారు, కూలి దొరకని రోజుల్లో కూడా. పెట్టనిది మేమొక్కళ్ళమే. పిలుద్దామని నా భార్య అన్నప్పుడల్లా ఏదో ఒక సాకు చెప్పింది నేను.

"ఈ పూట మా ఇంటికి రండి" అన్నాను మైకులోనే.

"ఇంట్లో ఏముందో ఒక్కమాట అడగరా? గోంగూర పప్పే!" నా భార్య ఆడవాళ్ళ వైపు నుంచి కేకేసింది.

"అదే కావాలమ్మా" అన్నారు అయ్యగారు.

మా ఇంట్లో ఆ పప్పే మూడుసార్లు వడ్డించుకున్నారు. చేయి కడుక్కుని, పటం వెనక మేకులు తనే ఊడదీసి, కాగితం బయటికి తీసి నా ముందు పెట్టారు. "ఈ ఖాళీలు ఇలా వదిలేస్తే ఎలాగండీ? పెన్ను తీయండి."

రెండో ఖాళీలో రాశాను: "మా ఇంట్లో అయ్యగారు గోంగూర పప్పు తిన్నారు. ఎప్పుడో పిలవాల్సింది." ఆయన చదువుకుని తలూపారు. తర్వాత పై ఖాళీ మీద వేలు పెట్టారు.

"ఇక్కడ ఆ మిరపకాయలదే రాయండి. అది నిజమేగా."