అద్దంలో నాయనమ్మ

వేసవి సాయంత్రం బ్రాడీపేటలో మల్లెమొగ్గల బండి పక్కనుంచి వెళ్తే చాలు, ఆ వాసనతోపాటు నాకు మిరపఘాటు కూడా తగులుతుంది. అది బండిమీది వాసన కాదు, మా నాయనమ్మ చేతులది.

నా చిన్నప్పుడు ప్రత్తిపాడులో వేసవంటే కల్లాల్లో ఎర్రగా పరిచిన మిరపకాయలు, ఇంటిల్లిపాదికీ తుమ్ములు, కొత్తావకాయ ముద్దలు, ఆడపిల్లలకు పూలజడలు. పొద్దుటినుంచీ తాలుకాయలు ఏరిన చేతుల్ని నాయనమ్మ ఎంత కడిగినా ఘాటు వదిలేది కాదు. ఆ వేళ్ళతోనే సూదీదారం పట్టుకుని మొగ్గలు జడకు కుడుతుంటే నా మెడ భగ్గుమనేది, కదిలితే మొట్టికాయ పడేది.

పూలజడ వేశాక ఫోటో దిగాల్సిందే. మా ఊరి స్టూడియో ఆయన పిల్లను పక్కకు తిప్పి కూర్చోబెట్టి, వెనక నిలువుటద్దం పెట్టి, మొహమూ జడా ఒకే ఫోటోలో పడేలా తీసేవాడు. నాకేమో నాయనమ్మ కూడా ఫోటోలో ఉండాలి. ఆవిడకేమో ఫోటో దిగితే ఆయుష్షు తరిగిపోతుందని భయం. పెళ్ళిళ్ళలో కెమెరా కనబడితే వంటలవైపు మాయమయ్యేది. ఇంట్లో ఆవిడ ఫోటో ఒక్కటీ లేదు. ఒక ఏడు స్టూడియోలోనే ఏడుపు లంకించుకున్నాను.

"నేను దిగనే తల్లీ. ఇక్కడే ఉంటాగా," అంటూ ఆవిడ వెళ్ళి ఫోటోగ్రాఫరు వెనక నిలబడింది.

ఆయన కెమెరాలోంచి చూసి, "మామ్మగారూ, కాస్త ఎడంపక్కకి జరగండి, లైటుకి అడ్డమొస్తున్నారు," అన్నాడు.

జరిగింది. ఆయన వెంటనే తీయలేదు. నాయనమ్మ బెరుకు మరిచిపోయి, అద్దంలో కనిపిస్తున్న, తను కుట్టిన నా పూలజడ చూసుకుని మురిసిపోయేదాకా ఆగి, అప్పుడు నొక్కాడు.

ఫోటో వచ్చాక చూస్తే అద్దంలో నా జడ పక్కన నవ్వుతూ నాయనమ్మ! ఇంట్లో అందరం తిట్లకు సిద్ధమైపోయాం. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"దొంగసచ్చినోడు, బాగానే తీశాడే," అంది.

ఫోటో తీయడమంటే ముందు ఆగడమని నాకు ఆ రోజే తెలిసింది. ఆ పిచ్చి ఇంకా వదల్లేదు. బడినుంచి వస్తూ స్టూడియో గాజుపెట్టెలోని పెళ్ళికూతుళ్ళనూ బోసినవ్వుల పిల్లలనూ చూస్తూ, ఆయన ఒక్కొక్కరి దగ్గర దేనికోసం ఆగి ఉంటాడా అని ఆలోచిస్తూ నిలబడిపోయేదాన్ని. కాలేజీలో చేరాక నాన్న రీలు కెమెరా కొనిస్తే, నేనూ అలాగే ఆగడం మొదలుపెట్టాను.

ఇప్పుడు అక్కడ స్టూడియో లేదు, సెల్‌ఫోన్ల కొట్టుంది. పూలజడలు కుట్టిపెట్టినవే అమ్ముతున్నారు. నాయనమ్మ భయపడ్డట్టేమీ కాలేదు, ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికే వెళ్ళింది. మా గోడమీద ఉన్నది ఆ అద్దంలోని మొహమే, పెద్దది చేయించాం.

"మామ్మగారు పక్కకి చూస్తున్నారేంటండీ?" అని ఇంటికొచ్చినవాళ్ళు అడుగుతుంటారు.

నా జడని చూస్తోంది.