ఒలిచే చేయి, వాగే నోరు

గోనెసంచి మూతి విప్పగానే ముందు దుమ్ము వాసన వచ్చింది, దాని వెనకే ఎండిన తీగ వాసన, ఆ తర్వాత ఎక్కడో అడుగున దాక్కున్నట్టు పచ్చి నూనె వాసన. చెనిక్కాయలు. పుస్తకాల్లో వేరుశనగ అంటారు, అనుకోనివ్వండి, ఆ పేరుకు ఈ వాసన రాదు. గుంతకల్లులో మూడో అంతస్తు వంటింట్లో ఆ సంచిలోకి తల వంచి కూర్చున్నాను. ఇల్లంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, పక్క గదిలో గడియారం నడవడం వినపడుతోంది. మా వాడు చరణ్ నాతో వాదించి నాలుగు రోజులైంది.

వాడికి తొమ్మిదేళ్లు, వాడి నోటికి నలభై. ఇడ్లీ పెడితే ఉగ్గాని ఏదంటాడు, ఉగ్గాని చేస్తే బజ్జీ లేకుండా ఉగ్గాని ఎవరన్నా తింటారా అంటాడు. నోరు మూయరా అంటే, జలుబు చేసింది, మూస్తే ఊపిరి ఎట్ల తీసుకునేది అంటాడు. మీ వాడికి జవాబులెక్కువ అని బడిలో టీచరు పిలిచి చెబితే, మీ దగ్గర ప్రశ్నలు తక్కువేమో చూసుకోండి అని వచ్చాను. ఈ నోరు ఎక్కడినుంచి వచ్చిందని మా ఆయన డ్యూటీ దిగి వచ్చి రోజూ అడుగుతాడు, అడుగుతూ నావైపే చూస్తాడు.

ఈ సంచి తెచ్చింది మా నాయన. బెళుగుప్ప దగ్గరి మా ఊరినుంచి వచ్చి వారం రోజులున్నాడు, సోమవారం వెళ్లాలని ముందే అనుకున్నాడు. ఆదివారం సాయంత్రం టీవీలో వాన కబుర్లు చూస్తుంటే వీడు క్రికెట్ పెట్టమన్నాడు. ఆయన కాసేపు ఆగమన్నాడు. ఆగడం వీడి జాతకంలో లేదు కదా. "మీ ఊరికి పో తాతా, ఆడ చూసుకోపో నీ మోడాలు" అనేశాడు. ఆకాశంలో మబ్బుల్ని మా వైపు మోడాలంటాం. నాయన నవ్వి ఊరుకున్నాడు. మర్నాడు ఊళ్లో బస్సు దిగుతూ కాలు జారి పడ్డాడు. మణికట్టు విరిగింది, పిండికట్టు వేసి ఆరు వారాలు కదపొద్దన్నారు. ఫోనులో ఆ కబురు విన్నప్పటినుంచి వీడు ఏది పెడితే అది తింటున్నాడు, ఏది చెబితే అది చేస్తున్నాడు. తొమ్మిదేళ్లుగా నేను మొక్కుకున్నది ఇదే, తీరా దొరికాక నాలుగు రోజులు భరించలేకపోయాను.

నిన్న గోడవైపు తిరిగి పడుకుని అడిగాడు. "అమ్మా, నేను పొమ్మన్నందుకేనా?"

"కాదు లేరా, బస్సు మెట్టు తడిగా ఉన్నెంట."

నమ్మలేదు. ఎందుకు నమ్ముతాడు? వాడి వయసులో నేను నమ్మానా?

మృగశిర కార్తె ముందు మా ఊరికి రంగు ఒక్కటే, ఎరుపు. నేల ఎరుపు, గాలి ఎరుపు, ఉతికి ఆరేసిన తెల్లపంచె సాయంత్రానికి ఎరుపు. ఆ రోజుల్లో గాలి పొద్దునే లేచి తలుపు గొళ్లేలు మోగించుకుంటూ వీధి వీధంతా తిరిగేది, దాని వెనకాలే పడమటినుంచి మోడాలు ఎద్దుల మందలా నడిచి వచ్చి, మా మిద్దెలమీద కాసేపు నీడ పరిచి, మాకేమీ చెప్పకుండా తూర్పుకు వెళ్లిపోయేవి. ఏరువాక పున్నమికి ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి, ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసి, వాటికో ముక్క పెట్టి మేమో ముక్క తినేవాళ్లం. ఓళిగ అంచున కారిన నెయ్యి, కొమ్ముల రంగు, రెండూ చేతికంటుకుని, ఏది ఏదో తెలియకుండా వేళ్లు నాకేసేవాళ్లం. ఇంతలో మా వసారాలో విత్తనం ఒలిచే పని మొదలయ్యేది.

విత్తనానికి చెనిక్కాయలు చేత్తోనే ఒలవాలి. మిషనులో వేస్తే పప్పు బద్దలవుతుంది, ఎర్రపొర గీసుకుపోతుంది, మొలక రాదు. ముందురోజు కాయలమీద నీళ్లు చిలకరించి గోనెపట్టా కప్పితే తెల్లారేసరికి పొట్టు మెత్తబడేది. వీధిలో ఆడవాళ్లంతా చాటలు పట్టుకుని వచ్చి కూర్చునేవాళ్లు, పక్కింటి ఖాసీంబీ పాట ఎత్తుకునేది, బొటనవేలితో నొక్కితే కాయ టప్పుమని విచ్చుకునేది, టపటపలన్నీ కలిసి వసారాలో వాన పడుతున్నట్టే ఉండేది. పిల్లలం కాయ కొస చీల్చి చెవితమ్మెలకు తగిలించుకుని, కమ్మలు పెట్టుకున్న ఆడపెళ్లివాళ్లలా తల ఊపుతూ తిరిగేవాళ్లం.

ఒకటే కట్టుబాటు, విత్తనం తినకూడదు. ఎవరినీ తినొద్దనడం మర్యాద కాదు, తినకుండా కాపలా కాయడం అంతకంటే కాదు. అందుకే పాట. పాడే నోరు నమలదు. మా అవ్వ, నాయనకు అమ్మ, ఆ కిటుకును నామీద కూడా వాడింది. నేను నాయనతో వాదనకు దిగి, ఆయన కళ్లు ఎర్రబడి, చేయి లేవబోయే సమయానికి సరిగ్గా వసారాలోంచి కేక వచ్చేది. "ఏమే లాయరమ్మా, ఈడికి రా. నీ కేసు నాకు చెప్పు."

వెళితే ఒళ్లో చాట పెట్టేది. "ఎంతన్నా వాగు. చేయి మాత్రం నిలపొద్దు." నేను నాయనమీద, బడిమీద, లోకంమీద చెప్పుకుంటూ ఒలిచేదాన్ని. ఊపిరి తీసుకోవడానికి ఆగితే అవ్వ తలెత్తేది. "అయిపాయనా? ఇంగా ఉండాదా?" ఇంగా ఉండేది. ఎప్పుడూ ఉండేది. నా కోపంతో ఆ ఏళ్లలో ఎన్ని గంపల విత్తనం తయారైందో నేల తల్లికే తెలియాలి.

ఒక ఏడు అలాగే వాగుతూ, ఆగాల్సిన చోట ఆగలేదు. అంతకుముందు ఏడు మొలకలు మూరెడు కూడా లేవకముందే మాడిపోయాయి. నిండు వసారాలో, ఖాసీంబీ పాట మధ్యలో నేనన్నాను. "మా నాయనకు బుద్ధి లేదు. ఎన్నిసార్లు ఇత్తినా ఎండిపోయేదే కదా, ఇవి మనమే తినేస్తే పోలా?"

పాట తెగింది. టపటపలు ఆగాయి. చూస్తే గడపలో నాయన, భుజంమీద విత్తే గొర్రు తాళ్లు. కొట్టినా బాగుండేది. నన్ను కాసేపు చూసి, తాళ్లు సర్దుకుని బయటికి వెళ్లిపోయాడు. "ఇత్తనం దగ్గర ఆ మాట అంటారా బిడ్డా" అని ఖాసీంబీ చెవులు మూసుకుంది.

ఒక్క పదును వానకు విత్తారు. ఆ తర్వాత చుక్క లేదు. గాలి మాత్రం రోజూ వచ్చేది. పచ్చగా రెండు ఆకులు వేసిన మొలకలు తలలు వాల్చేశాయి, నాయన రోజూ చేను గట్టుమీద కూర్చుని వచ్చేవాడు, నేను నోరు కుట్టేసుకున్నాను. సంగటి ముద్ద గొంతు దిగేది కాదు, ఊరిబిండి పచ్చడి కారం కూడా తెలిసేది కాదు. ఆ చేనంతా నా నాలుకే ఎండబెట్టిందని నాకు ఖాయంగా తెలుసు. నీవల్ల కాదని అమ్మ చెప్పింది. పెద్దవాళ్లు అలాగే చెబుతారని కూడా తెలుసు.

అయిదో రోజో ఆరో రోజో పొద్దువాలే వేళ అవ్వ నన్ను మిద్దె ఎక్కించింది. తాను ఆకూవక్క నములుతూ పిట్టగోడమీద కూర్చుంది. పడమట నల్లటి మోడం ఒకటి.

"నీ మాటకు చేనే ఎండిపాయనంటివే, అంత బలముంటే వానను రమ్మని చెప్పు. చెప్పవే, గట్టిగా."

మొదట వానా అని మెల్లగా పిలిచాను. తర్వాత ఆగలేదు. "ఓ వానా! సిగ్గులేదా నీకు? తూర్పుకు పోయేదానికి దావ తెలుస్తాది గానీ ఈడ దిగేదానికి తెలీదా? మా నాయన ఏం చేసినాడే నిన్ను? రాయే!" గొంతు బొంగురుపోయేదాకా అరిచాను, కింద వీధిలో ఖాసీంబీ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. మోడం మా మీదుగా నింపాదిగా నడిచి, తూర్పు గుట్టలు దాటి వెళ్లిపోయింది.

అవ్వ ఆకు ఉమ్మేసి చెప్పింది. "చూసినావా? నీ మాటకు వాన రాదు. నీ మాటకు పోనూ పోదు. దిగి బువ్వ తిను."

ఆ రోజు ఎంత తిన్నానో నాకిప్పటికీ గుర్తే.

అందుకే ఈ సాయంత్రం చరణ్‌ను డాబామీదికి తీసుకెళ్లాను. చాటనిండా చెనిక్కాయలు కూడా. స్టేషను వైపు రైలు కూత, ఆకాశంలో మబ్బులు, సరిగ్గా అప్పటి గాలి. "నీ మాటకు తాత చేయి విరిగిందంటివి కదా. అతుక్కోమని చెప్పు. గట్టిగా అరువు" అన్నాను.

వాడు నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"అరిస్తే ఎముక అతుక్కుంటాదా? ఆరు వారాలు పడతాదని డాక్టరు చెప్పినాడంటివే! నువ్వు బి.ఏ. ఎట్ల పాసైనావమ్మా?"

నా జీవితంలో ఏ తిట్టూ అంత తియ్యగా లేదు. "మరి అరిస్తే విరుగుతాదా?" అన్నాను. వాడు చాటలోంచి ఓ కాయ తీసి నొక్కాడు. టప్పుమంది. ఇంకోటి. నెమ్మదిగా మొదలుపెట్టాడు, తాత రిమోటు దాచడం గురించి, గురక గురించి, నా ఉప్మా గురించి. ఆకాశం ఎర్రబడుతుంటే పొట్టు గాలికి లేచి డాబా అంతా తిరిగింది. ఇప్పుడు మా ఊళ్లో విత్తనం సంచుల్లో కుట్టి వస్తోంది. వసారా లేదు, ఆ మట్టి మిద్దె లేదు, ఆ గాలికి ఇప్పుడు గుట్టలమీద గాలిమరలు తిరుగుతున్నాయి. ఖాసీంబీ పాటలో ఒక్క చరణం కూడా నాకు గుర్తు లేదు, అవ్వ ముఖం కూడా అంచులు కరిగిపోయి, నమిలే దవడ మాత్రం మిగిలింది.

చాట సగమయ్యాక వాడు ఫోను అడిగాడు. "తాతకు సారీ చెప్తా. పడినందుకు కాదు. అది బస్సుది. పొమ్మన్నందుకు."

నా చేయి ఆగిపోయింది. వాన సంగతి అవ్వ తేల్చేసింది, నేను తిని పడుకున్నాను. నాయనకు బుద్ధి లేదన్న మాట మాత్రం గడపలోనే ఉండిపోయింది, ముప్పై అయిదేళ్లుగా.

వాడు చెప్పాల్సింది చెప్పి, తాతతో రిమోటు గురించి ఇంకో పోట్లాట పెట్టుకుని, ఫోను నా చేతికిచ్చాడు. నాయనా అన్నాను. ఊపిరి తీసుకోవడానికి ఆగాను.

"ఏమే లాయరమ్మా," అన్నాడు నాయన అవతలినుంచి, "అయిపాయనా?"

చేతిలో కాయ నొక్కాను. "లేదు నాయనా," అన్నాను. "ఇంగా ఒకటి ఉండాది."